మల్లెల మూర

లూపస్ అంటే ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఒంటిని కొరుక్కుతినడం. హైదరాబాదులో నా మూలకణాలు తీసి దాచి, ఘాటైన మందులతో ఆ కాపలాను చంపి, దాచినవి తిరిగి ఎక్కించారు. రోగం కొన్నేళ్లు అణగొచ్చు, మళ్లీ రావచ్చు, మాట ఇవ్వలేమన్నారు. కొత్త కాపలా ఎదిగేదాకా కొన్ని నెలలు జనం దగ్గరికి రాకూడదు, పచ్చిపూలు అసలే వద్దు, వాటి మీది క్రిములే ప్రాణం తీయొచ్చన్నారు.

రాయచూరులో మా ఇంటికి వచ్చాక, మా ఆయన థర్మల్ ప్లాంటు డ్యూటీకి పోగానే, నన్ను చూసిపోదామని వచ్చిన ఆడవాళ్లందరినీ మా అత్త లోపలికి పిలిచింది. జుట్టు రాలిన నా తల బోసిగా ఉందట. తను విధవ, పూలు పెట్టకూడదు కాబట్టి, పక్కింటామెతో నా తలగుడ్డకు మల్లెలు పెట్టించింది. నేను వద్దంటే, "పూలతోని ఏమైతది? ముత్తైదువవు" అంది.

జ్వరం పట్టుకుంది. చచ్చి బతికి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మళ్లీ అదే ఆడవాళ్లు, అవే మల్లెలు. ఈసారి మూర నేనే అందుకుని, అందరి ముందూ అత్త కొప్పులో తురిమాను. ఆమె ముఖం పాలిపోయింది.

"పూలతోని ఏమైతది, అత్తమ్మా?" అన్నాను.