ఇద్దరూ ఒక్కటేనండి

నాకు మొదటి పెళ్లి మా మావగారు చేశారు. రెండోది ప్రభుత్వం చేసింది. అందులో ప్రభుత్వం తప్పు ఆవగింజంత, నా తెలివితేటల పాలు గుమ్మడికాయంత. ఎలా జరిగిందో చెబుతాను, తనివితీరా నవ్వుకోండి. నేను నవ్వడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది.

రెండు వేల అయిదు ప్రాంతం. నేను మస్కట్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్స్ చూసేవాణ్ణి. నా భార్య సుజాత, మూడేళ్ల పాప నా దగ్గరే ఉండేవారు. వాళ్ల వీసా పొడిగించాల్సి వచ్చి ముగ్గురం ఆఫీసుకి వెళ్తే, కౌంటర్లో ఆయన మా కాగితాలు అటూ ఇటూ తిప్పి హిందీలో అడిగాడు.

"పెళ్లి సర్టిఫికెట్‌లో పెళ్లికూతురి పేరు మేరీ. పాస్‌పోర్టులో సుజాత. మీకు పెళ్లయింది మేరీతో కదా, మరి ఈవిడెవరు?"

సుజాత నా వైపు చూసింది. అడిగింది ఆయన, చూపు నాకు. పెళ్లయినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

సంగతేమిటంటే, తాడేపల్లిగూడెం చర్చిలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆవిడకి మేరీ అని పేరు పెట్టారు. బళ్లో వేసినప్పుడు మేష్టారు సుజాత అని రాసుకున్నారు. మా వైపు మనిషికి రెండు పేర్లుండటం, ఇంటికి రెండు గుమ్మాలుండటమంత మామూలు. పెళ్లి చర్చిలో అయింది కాబట్టి అక్కడ మేరీ ఎక్కింది. పాస్‌పోర్టు పదో తరగతి సర్టిఫికెట్ చూసి ఇచ్చారు కాబట్టి అక్కడ సుజాత కూర్చుంది.

"రెండు పేర్లూ ఒక మనిషివేనని మీ ఊరి అధికారి చేత రాయించుకు రండి. నెల గడువు. లేకపోతే తల్లీ పిల్లా ఇండియాలోనే ఉండాలి" అన్నాడాయన.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం వాళ్లకి వీసా గురించి తెలియదు, అక్కడితో ఆగిపోయారు.

నెల సెలవు పెట్టి దిగాం. సుజాతనీ పాపనీ తాడేపల్లిగూడెంలో పుట్టింట్లో దింపి, నేను కొల్లేటి ఒడ్డున మా ఊరు చేరాను. మండలాఫీసులో అర్జీ ఇస్తే, రెండు వారాలు తిప్పించుకుని, "ఆర్‌ఐ గారు మీ ఊరొచ్చి విచారణ చేస్తారండి. ఆయన రిపోర్టు చూసి ఎమ్మార్వో మేడం సంతకం పెడతారు" అన్నారు.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే మీకీ నవ్వుల శ్రమ ఉండేది కాదు. కానీ మా ఊరి సంగతి నాకు తెలుసు. రెవెన్యూ వాళ్లంటే చేపల చెరువులు కొలిచి గండి కొట్టడానికొచ్చినవాళ్లే అని మావాళ్ల నమ్మకం. భయంలో ఎవరేం వాగుతారో అని, ఆ సాయంత్రం మా వీధి వీధంతటినీ కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాను.

"ఆర్‌ఐ గారొచ్చి మేరీ ఎవరు, సుజాత ఎవరు అని అడుగుతారు. మీరు 'ఇద్దరూ ఒక్కటేనండి' అనాలి. అంతే. ఇంకో ముక్క మాట్లాడారో, నా వీసా కొల్లేట్లో కలిసినట్టే."

"ఇంకో ముక్క మాట్లాడితే ఏమవుద్ది అబ్బాయ్?" అంది పక్కింటి కాంతమ్మ పిన్ని.

"నా కొంప మునుగుద్ది పిన్నీ."

"అయితే చచ్చినా మాట్లాడను" అని ఒట్టేసింది. ఆవిడ జీవితంలో నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే.

మర్నాడు నేను అఫిడవిట్ రాయించడానికి ఏలూరు వెళ్లాను. సరిగ్గా అప్పుడే ఆర్‌ఐ గారు స్కూటర్ మీద దిగారట. తర్వాత జరిగింది పిన్నే నాకు గర్వంగా చెప్పింది.

"ప్రసాద్ గారికి మేరీ ఏమవుతారండి?"

"భార్యండి."

"మరి సుజాత?"

"ఆవిడా భార్యేనండి."

"ఇద్దరా!"

"ఇద్దరూ ఒక్కటేనండి."

"అంటే, ఆయనకి ఇద్దరి మధ్యా తేడా ఏం లేదంటారా?"

"ఏ తేడా లేదండి. ఒక్కటేనండి."

"ఇంట్లో గొడవలూ అవీ..."

"ఎప్పుడూ వినలేదండి."

"ఇప్పుడు ఇంట్లో లేరేంటి?"

"పుట్టింటికెళ్లిందండి."

"ఎవరు? మేరీయా, సుజాతా?"

"ఎవరైతే ఏంటండి, ఇద్దరూ ఒక్కటేగా!"

ఆర్‌ఐ గారు నాలుగిళ్లు తిరిగారు. నాలుగిళ్లలోనూ అదే పాఠం, ఒక్క అక్షరం తేడా లేకుండా. అసలు కొంప ముంచింది ఆ అక్షరమే. నేను నేర్పాల్సింది "ఒక్కరే" అని. నేర్పింది "ఒక్కటే" అని. 'ర' ఉండాల్సిన చోట 'ట' పెట్టి, పచ్చని సంసారాన్ని చీలికలు చేసుకున్నాను.

మూడోరోజు మండలాఫీసులో అడుగుపెట్టగానే గుమాస్తాలంతా తలలెత్తి చూశారు. "ఈయనేనండి" అని ఎవరో గుసగుసలాడారు. ఎమ్మార్వో మేడం కళ్లజోడు సవరించుకుని రిపోర్టు చదివారు.

"అర్జీదారునకు మేరీ, సుజాత అను ఇద్దరు భార్యలు కలరు. ఇద్దరినీ ఒక్కటిగా చూచుకొనుచున్నట్లును, కుటుంబమందు కలహములు లేనట్లును విచారణలో తేలినది."

నా మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది.

"భార్యకి వీసా అడిగినవాళ్లని చూశాను కానీ, ఇద్దరు భార్యల్ని ఒకే వీసా మీద తీసుకెళ్తానన్నవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను. ఇది నేరం, తెలుసాండి? పోలీసులకి పంపమంటారా?"

సెలవు ఇంకా పదమూడు రోజులే ఉంది. పాప మొహం కళ్లముందు మెదిలింది. ఆ కంగారులో గట్టిగా అరిచేశాను.

"అయ్యో మేడం, ఇద్దరూ ఒక్కటేనండి!"

"మళ్లీ అదే మాట! రేపు ఇద్దర్నీ తీసుకురండి."

బయటికొచ్చి ఎస్‌టీడీ బూత్‌లోంచి ఫోన్ చేశాను. "సుజాతా, రేపు మండలాఫీసుకి నువ్వు రావాలి. ఇద్దరూ రావాలంట."

"ఇద్దరెవరండీ?"

"నువ్వూ... మేరీ."

"అయితే ఇద్దరి కాగితాలూ పట్టుకొస్తాను" అని ఠక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సుజాత పదో తరగతి సర్టిఫికెట్టూ, బాప్తిస్మం కాగితం, చర్చి వాళ్ల ఉత్తరం పట్టుకుని వచ్చింది. జరిగిందంతా దార్లో చెప్పాను. వింటూనే కాగితాలు వరసలో సర్దుకుంది.

"రెండో ఆవిడేరీ?" అన్నారు మేడం.

సుజాత కాగితాలు వరసగా బల్ల మీద పరిచింది. "తండ్రి పేరు చూడండి మేడం, పుట్టిన తారీఖు చూడండి. రెండూ నావేనండి."

మేడం అన్నీ పోల్చి చూశారు. గొంతు కాస్త మెత్తబడింది. "ఇంతకీ మీరు మేరీయా, సుజాతాండి?"

"చర్చిలో మేరీనండి. బళ్లో సుజాతనండి. ఈయనగారింట్లో ఇద్దరి చాకిరీ నేనొక్కదాన్నే చేస్తున్నానండి. ఆ రిపోర్టు రాసినాయన ఆ విషయం మాత్రం సరిగ్గానే కనిపెట్టారు."

ఆఫీసు ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఆర్‌ఐ గారు ఫైలు చాటున మొహం దాచుకున్నారు. మేడం నవ్వాపుకుంటూనే కొత్త రిపోర్టు రాయించి, ఆ పూటే సంతకం పెట్టి చేతికిచ్చారు. నాకు కాదు, సుజాతకి. గడువుకి రెండు రోజుల ముందు మస్కట్‌లో స్టాంపు పడింది.

అందుచేత ఆకాశం సాక్షిగా, కొల్లేరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ప్రభుత్వాధికారి ఏది అడిగినా నేను నోరు విప్పను, ఎవరికీ ఏదీ నేర్పను. మాట్లాడాల్సింది సుజాత మాట్లాడుతుంది. నేను చూపించిన చోట సంతకం పెడతాను. ఈ నాలుగు ముక్కలు కూడా ఆవిడ చదివి, రెండు పేరాలు కొట్టేసి, సరేనన్నాకే మీ ముందు పెడుతున్నాను.