గొంతు తగ్గించమన్నది నేనే

షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్న అతను నన్ను గుర్తుపట్టాడు. మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి.

"అన్నా, అక్కకు పాట నేర్పింది నువ్వే గదా? వీడియోల చూసిన," అన్నాడు.

నేను తల ఊపాను. ఔనని ఊపానో కాదని ఊపానో అతనికి అర్థమై ఉండదు. గోదావరిఖని చౌరస్తాలో దిగేదాకా నా వైపు గౌరవంగా చూస్తూనే ఉన్నాడు.

ఆ గౌరవం నాకు చెందదు. నా భార్యకు నేను పాట నేర్పలేదు. ఆమె గొంతు అంత మెత్తగా, చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఎందుకుంటుందో మాత్రం నాకు తెలుసు. నాకు తెలిసింది తెలిసినట్టు ఇక్కడ రాస్తున్నాను.

నేను భూగర్భ గనిలో పంప్ ఆపరేటర్‌ని. షిఫ్టు వారానికొకటి మారుతుంది. నైట్ షిఫ్టు వారంలో పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, పడుకుంటాను. మా క్వార్టర్లు వరుసగా ఉంటాయి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఏ వేళకైనా ఆ వరుసలో ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. నైట్ షిఫ్టు మనిషి పడుకున్న ఇంటి ముందు పిల్లలు ఆడరు. ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు, గిన్నెలో వండుతారు. కూరగాయల బండి అతను కూడా మా వరుసలోకి రాగానే అరవడం మానేసి, తలుపు తలుపు దగ్గరా ఆగి మెల్లగా అడుగుతాడు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. నిద్ర చాలని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

నా భార్యది మంథని వైపు పల్లె. వాళ్లది వ్యవసాయం. నాట్ల రోజుల్లో పాట ఎత్తుకునేది ఆమే. మడికి ఈ చివర ఆమె ఎత్తుకుంటే ఆ చివర ఉన్నవాళ్లు అందుకునేవాళ్లట. నడుము వంచి, బురదలో కాళ్లు పెట్టి పాడినా, ఆ గొంతు రెండు మళ్లు దాటేదని మా అత్త చెప్పేది. పెళ్లయిన కొత్తలో నాకది గొప్పగానే ఉండేది. దోస్తుల దగ్గర చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ తర్వాత నాకు నైట్ షిఫ్టు వచ్చింది. పొద్దున నేను కన్ను మూశానో లేదో వెనక అంట్లు తోముతూ పాట ఎత్తుకుంది. లేచి కూర్చున్నాను.

"ఏమే, నిద్రవోనియ్యవా? ఇదేమన్న మీ పొలమా?"

"పాడకుంటె నాకు పని తెగదు," అంది గిన్నె చేతిలోనే పట్టుకుని.

"పాడు. నేనద్దంటలేను. నాకు ఇనవడకుంట పాడు."

అలాగే పాడింది. ఒక్క వారంతో పోలేదు. నైట్ షిఫ్టు నాకు లేకపోతే పక్కింటాయనకు ఉండేది. ఆమె గొంతు నెలనెలా కిందికి దిగింది. చివరికి స్టవ్ మంట చప్పుడు కంటే కొంచెం పైన నిలబడింది. పాట నడక కూడా మారింది. నాటు పాట జోరుగా నడవాలి, చేతులు దానితోపాటు ఆడాలి. కానీ జోరు పెరిగితే గొంతు లేస్తుంది, గొంతు లేస్తే నేను లేస్తాను. అందుకని పాటను నిదానం చేసుకుంది. బతుకమ్మ రోజుల్లో కాలనీ ఆడవాళ్లు ఆమెను పాట ఎత్తుకొమ్మన్నా ఎత్తుకోలేదు. చప్పట్లు కొడుతూ వెనక నిలబడేది. సిగ్గనుకున్నాం.

కిందటేడు సెలవులకు ఇంటికొచ్చిన మా బిడ్డ వాళ్లమ్మ పప్పులో పోపు వేస్తూ పాడుతుంటే ఫోన్లో తీసింది. అడగలేదు, చెప్పలేదు. ముఖం కూడా కనిపించదు ఆ వీడియోలో, గరిటె పట్టుకున్న చెయ్యి, ఆవిరి, గొంతు, అంతే. దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది.

వారం తిరిగేసరికి ఆ పాట మా కాలనీ దాటింది, జిల్లా దాటింది. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల అతనొకడు కింద రాశాడు: "అక్కా, మా రూముల ఒకలు డ్యూటీకి పోతె ఒకలు పంటరు. చెవుల పెట్టుకొని నీ పాట ఇంటున్న. ఎవ్వలు లేవలె." తెలుగు రానివాళ్లు కూడా ఏవేవో భాషల్లో రాశారు. మా బిడ్డ అవన్నీ చదివి తిప్పి చెప్పింది. మాట అర్థం కాకపోయినా గొంతు మా వంటింట్లో ఉన్నట్టుందని ఎవరో రాశారట.

నాకు ఆశ్చర్యంగా ఉండేది. "గింత సన్నగ పాడితె ఎట్ల నచ్చుతది? పాటంటె నలుగురికి ఇనవడాలె గదా?" అన్నాను.

"బాపూ, నువ్వింక బారాత్ డీజే కాడనే ఉన్నవ్," అని నవ్వింది బిడ్డ. "ఇప్పుడు లోకమంతా చెవుల పెట్టుకొని ఇంటాంది. ఎక్కడెక్కడోళ్లో తలుపేసుకొని, ఫోన్ల పాడి పెడ్తాన్రు. వాళ్లే కొత్త సింగర్లు. స్టేజ్ లేదు, మైకు లేదు. ఒక్క మనిషికి పాడినట్టు పాడాలె. అమ్మకది ఎవ్వలు చెప్పకుంటనే వచ్చింది."

ఎవ్వలు చెప్పకుంటనే. ఆ మాట అన్నప్పుడు నా భార్య నా వైపు చూసింది. నేను టీ తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను.

మా చిన్నప్పుడు పాటగాడు కావాలంటే హైదరాబాద్ పోవాలి, ఎవరినో పట్టుకోవాలి, క్యాసెట్ కంపెనీ గడప ముందు నిలబడాలి. ఇప్పుడు పాట వంటింట్లోంచి నేరుగా దుబాయ్ రూముకి పోతోంది. మధ్యలో ఎవరినీ అడగనక్కర్లేదు. అది నాకు నిజంగా నచ్చింది. ఆమె పేరు చెప్పి కాలనీలో నన్ను పలకరిస్తుంటే ఇంకా నచ్చింది.

తప్పు అక్కడే జరిగింది. ఒక ఛానెల్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు కెమెరాతో మా క్వార్టర్‌కి వచ్చారు. నా భార్యను కుర్చీలో కూర్చోబెట్టారు, పక్కన నన్ను.

"అక్కా, ఇంత కంట్రోల్ ఎట్ల వచ్చింది? మీ గురువు ఎవరు?" అని అడిగారు.

ఆమె నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

"నేనే చెప్పిన తమ్మీ. గొంతును దాసుకోవాలె, కర్సు చెయ్యొద్దని పెండ్లయిన నాటి సంది చెప్పుకుంటనే వచ్చిన. బొగ్గుబాయిల పనిచేసేటోనికి సప్పుడు విలువ తెలుస్తది."

ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు. కుర్రాళ్లు తల ఊపారు. నా భార్య కొంగు సర్దుకుని నవ్వింది. ఆ నవ్వును ఒప్పుకోలు అనుకున్నాను. ఆ వీడియోకి పెట్టిన పేరులో కూడా నేనే ఉన్నాను, భార్యను పాటగత్తెను చేసిన బొగ్గు కార్మికుడినని.

తర్వాత ఒక పాటల కంపెనీ వాళ్లు హైదరాబాద్ పిలిచారు. స్టూడియోలో ఆమె అడిగింది ఒకటే. ఒక్క పాట పొలంలో పాడినట్టు, పూర్తి గొంతుతో పాడతానంది. అక్కడి అతను మర్యాదగానే చెప్పాడు.

"వద్దమ్మా. గట్టిగా పాడేవాళ్లు మాకు చాలామంది ఉన్నారు. జనం మీ దగ్గర కోరేది ఈ గొంతే. ఇంకొంచెం తగ్గించినా ఫరవాలేదు."

తిరిగి వస్తుంటే బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను నిద్ర కోసం అడిగిందే వాళ్లు వ్యూస్ కోసం అడిగారు. ఆ రోజు నాకు ఈ మాట తట్టలేదు. మంచి అవకాశమని పెద్దపల్లి దాకా చెబుతూనే వచ్చాను.

తట్టింది పక్కింటి పిల్ల వల్ల. నా వీడియో చూసిన పక్కింటాయన తన బిడ్డను తీసుకొచ్చాడు. "అన్నా, మా దానికి గూడ గట్ల నేర్పు. మస్తు పాడ్తది గని, అంతా ఒర్రుడే," అన్నాడు. ఇంటర్మీడియట్ చదివే పిల్ల. కాదంటే నా అబద్ధం బయటపడుతుంది. సరేనన్నాను.

ఆ పిల్లది పెద్ద గొంతు. మొదటి రోజు నోరు తెరవగానే గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. నాకు పాట గురించి తెలిసింది ఒక్కటే, అదే చెప్పాను. "తగ్గించు బిడ్డా. ఇంక తగ్గించు. పక్కన మనిషి పండుకున్నడనుకో." ఆ పిల్ల బుద్ధిమంతురాలు, చెప్పినట్టే చేసింది. రోజూ కొంత తగ్గించింది. కొన్నాళ్లకు పాడేటప్పుడు భుజాలు కూడా దగ్గరికి ముడుచుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు వంటింట్లోంచి నా భార్య వచ్చింది. చేతికి పిండి ఉంది. పిల్లను చూసింది, నన్ను చూసింది.

"దీని గొంతు గూడ మింగుతవా ఏంది?" అంది.

అది కూడా మెల్లగానే అంది. ఆమెకు ఇంకోలా అనడం రాకుండా పోయింది. ఆ పిల్ల బిక్కచచ్చి లేచి నిలబడింది. నేను చాప మీద కూర్చునే ఉన్నాను. ముడుచుకున్న ఆ భుజాలు అంతకుముందు ఎక్కడ చూశానో అప్పుడు గుర్తొచ్చింది. అంట్ల దగ్గర కూర్చుని, నా వైపు వీపు పెట్టి పాడే మనిషివి అవి.

పిల్ల వెళ్లిపోయాక అడిగాను. "నీ గొంతు నీకు గావాల్నా?"

"ఉంటె గదా," అంది. "మొన్న నువ్వు డ్యూటీకి పోయినంక తలుపేసుకొని చూసిన. లేస్తలేదు. మంచం దిక్కు చూస్తె ఆగిపోతాంది."

మంచం ఖాళీగా ఉన్నా ఆగిపోతోందట.

పక్కింటికి పోయి వాళ్ల నాన్నకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన, "అంటే అన్నా, నిద్ర పాడైందని ఒర్రితె ఇంత పేరొచ్చిందా? మా ఇంట్ల రోజు ఒర్రుతనే ఉన్న, నాకేం రాకపాయె," అని పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, తన బిడ్డ గొంతు మళ్లీ పెరుగుతుందా అని అడిగాడు.

కాలనీలో గట్టిగా పాడమనలేను. పడుకున్నవాళ్ల నిద్ర అబద్ధం కాదు కదా. అందుకని మా ప్లే డే నాడు, అంటే వారానికోసారి వచ్చే సెలవు రోజున, నా భార్యనూ పక్కింటి పిల్లనూ తీసుకుని మా అత్తగారి ఊరికి పోయాను. నాట్లు నడుస్తున్నాయి. నా భార్య చీర ఎగచెక్కి మడిలో దిగింది. మా బావమరిది భార్య, అంటే ఆమె వదిన, అవతలి చివర ఉంది. ఈమె ఎత్తుకుంది. గొంతు సగం దాకా లేచి పగిలింది.

"ఏందే, బొగ్గుపొడి మింగినవా?" అని అరిచింది వదిన. "యూట్యూబుల పాడుడు గాదిది, జల్ది అందుకో!"

మడిలో అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది, ఉక్రోషంగా. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ పగిలింది. పక్కింటి పిల్ల పక్కనుంచి అందుకుంది. మధ్యాహ్నం సద్దులు విప్పేలోపు ఎన్నిసార్లు పగిలిందో నేను లెక్కపెట్టలేదు. అన్నాలు తిన్నాక, ఎండ కాస్త మబ్బులోకి పోయాక, ఒకసారి పగల్లేదు.

అప్పటినుంచి ప్రతి ప్లే డేకీ పోతున్నాం. నాట్లయిపోయినా పోతున్నాం, గట్టు మీద నిలబడి పాడుతున్నారు. మా బిడ్డ ఆ పెద్ద గొంతు పాటను కూడా పెట్టింది. దాన్ని చూసినవాళ్లు తక్కువే. పాత గొంతే బాగుందని రాసినవాళ్లూ ఉన్నారు. కంపెనీ అతను ఫోన్ చేస్తే నా భార్యే మాట్లాడింది: "ఒకటి మీకు నచ్చినట్టు పాడ్త, ఒకటి నాకు నచ్చినట్టు. రెండూ నా గొంతులే." ఆలోచించి చెబుతామన్నారు. ఆమెకు ఆ ఫికర్ లేదు. వంటింట్లో ఇప్పటికీ మెల్లగానే పాడుతుంది, కానీ మంచం వైపు చూడదు.

పొలం దగ్గర నాకూ ఒక పని ఇచ్చారు. దూరంగా, రెండు మళ్లకు అవతల గట్టు మీద నిలబడాలి. మాటలు స్పష్టంగా వినిపిస్తే చెయ్యి ఎత్తాలి. గురువు పదవి పోయి నాకు దక్కిన కొలువు ఇది. ఇందులో అబద్ధం చెప్పే వీలు లేదు.

మొన్న వాళ్లు పాడుతుంటే వింటూ ఉండిపోయాను. పాట ఆగింది. చెయ్యి ఎత్తడం మరిచిపోయాను.

"ఏందయ్యా," అని రెండు మళ్ల అవతలినుంచి ఆమె కేక వచ్చింది, "నిద్రవోయినవా?"

ఒక్కో అక్షరం విడివిడిగా వినిపించింది. చెయ్యి ఎత్తాను.