ముందు చక్రం మీద వెర్నా కన్ను

ఇరవై రెండేళ్ళలో వెర్నా హాగెన్ ఒకే విమానాశ్రయంలో ఐదుసార్లు కొత్త ఉద్యోగిగా చేరింది. విమానం మీద పెద్ద కంపెనీ పేరు ఎప్పుడూ మారలేదు. సామాను ఎత్తించే కాంట్రాక్టరు మాత్రం మారేవాడు. మారినప్పుడల్లా కొత్త కోటు, కొత్త బ్యాడ్జి, సర్వీసు మళ్ళీ సున్నా. సర్వీసు లేనివాళ్ళకు సెలవులు చిట్టచివర. అలా పదకొండు క్రిస్మస్‌లు ఆమె అమెరికాలోని నార్త్ డకోటా మంచులో, విమానాల కిందే గడిపింది. ఒక్కమాట అనలేదు.

అన్నేళ్ళూ ఆమె చూసుకున్నవి యాభై సీట్ల బుల్లి జెట్లు. లోపల పట్టని పెట్టెల్ని మెట్ల దగ్గరే తీసుకుని, దిగేటప్పుడు ఎవరివి వాళ్ళ చేతికి అందించేది. జనం పలచగా ఉంటే తోకవైపు ఇసుక బస్తాలు మోసుకెళ్ళి వేసేది. బరువు ఎటు ఒరుగుతోందో ముందు చక్రం కాలు చూసి చెప్పేది. ఆ కాలికి మెరిసే ఇనుము ఎంత ఎక్కువ బయటపడితే విమానం ముక్కు అంత తేలికైనట్టు.

నిరుడు అక్టోబరులో పెద్ద కంపెనీ బుల్లి జెట్లు మానేసింది. రోజుకు నాలుగు బదులు రెండే విమానాలు, కానీ ఒక్కోదానికి నూట డెబ్బై అయిదు సీట్లు. ఊరంతా సంబరం. వాటి వెంటే అయిదో కాంట్రాక్టరు దిగాడు. వెర్నాకు మూడు నెలల ప్రొబేషన్. ఆలోగా ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇంటికే.

మొదటి పెద్ద విమానం వచ్చిన రోజు, గ్యాంగు లీడరు ట్రెంట్ ఆమెను ఏడిపించాడు. పాతికేళ్ళవాడు.

"వెర్నా, ఇది నీ బొమ్మ విమానం కాదు. ఇసుక బస్తాలు ఇంట్లో పెట్టొచ్చావా?"

"నీకు పెద్ద విమానాలు ఎన్నాళ్ళుగా తెలుసు నాయనా?"

"నిన్న వీడియో చూపించారుగా!"

అందరితోపాటు వెర్నా కూడా నవ్వింది.

పెద్ద విమానంలో వెనకవైపు సామాను గదిని మొదట ఖాళీ చెయ్యాలి. కానీ చలికి వెనకవైపు బెల్టు యంత్రం స్టార్టు కాలేదు. టైము పోతోందని ట్రెంట్ ముందువైపు గది ఖాళీ చేయించడం మొదలెట్టాడు. పైన ప్రయాణికులు కూడా ముందు తలుపులోంచే దిగిపోతున్నారు. బరువంతా తోకలో మిగిలింది.

వెర్నా ముందు చక్రం కాలు చూసింది. మెరిసే ఇనుము బెత్తెడు ఎక్కువ కనబడింది. రెండు చేతులూ తలపైకెత్తి అడ్డంగా పెట్టింది. అక్కడ ఎవరు అలా పెట్టినా పని ఆగాల్సిందే.

"ఎవరు ఆపమన్నారు?" ట్రెంట్ అరిచాడు.

"నేనే. ముక్కు లేస్తోంది."

"లేటైతే నీ పేరే రాస్తా!"

"రాసుకో. పెన్ను కావాలా?"

ఆ మాట అంటూనే విమానం తలుపుకు ఆనించిన వంతెన మెట్లెక్కి, తలుపు దగ్గరున్న ఎయిర్ హోస్టెస్‌తో చెప్పింది. "ఇక ఒక్కళ్ళు కూడా దిగొద్దమ్మా. వెనకవాళ్ళని ముందు సీట్లలోకి తెచ్చి కూర్చోబెట్టు."

ఇనుము మెల్లగా లోపలికి కుంగింది. అప్పుడు కిందికొచ్చి, సామాను బండెక్కి, వెనక గదిలోని పెట్టెల్ని బుల్లి జెట్టులో లాగినట్టే చేత్తో లాగడం మొదలెట్టింది. రెండో పెట్టెకల్లా ట్రెంట్ ఆమె పక్కనున్నాడు.

"పెన్ను అక్కర్లేదులే," అన్నాడు.

పైలట్ దిగొచ్చి, చేతి తొడుగు తీసి మరీ ఆమెకు చెయ్యి కలిపాడు. కాంట్రాక్టరు అందరికీ పిజ్జాలు పెట్టించాడు. బ్యాడ్జి మీద చేరిన తేదీ మాత్రం అక్టోబరే. డిసెంబరు సెలవుల జాబితాలో వెర్నా పేరు మళ్ళీ అట్టడుగునే ఉంది.

ఈసారి ఆమె ఊరుకోలేదు. కాంట్రాక్టరు మారినా మనుషులు ఉండాలి, వాళ్ళ సర్వీసు ఏళ్ళు ఉండాలి అంటూ విమానాశ్రయం బోర్డుకు అర్జీ రాసింది. ఆమె పేరు కింద మొదటి సంతకం ట్రెంట్‌ది. ఇప్పటికి ముప్ఫై ఒకటి అయ్యాయి.

మన ఊళ్ళ విమానాశ్రయాల్లోనూ ఇదే కాంట్రాక్టు పద్ధతి నడుస్తోంది. ఈసారి మీరు విమానం ఎక్కేటప్పుడు, మీ పెట్టె ఎత్తే మనిషిని ఎన్నిసార్లు కొత్తగా చేరారో అడగండి. వాళ్ళు చెప్పింది అక్కడి అధికారులకు మీ పేరు పెట్టి రాయండి. వాళ్ళ అర్జీ ఉంటే సంతకం చెయ్యండి.