ముప్పై నాలుగు దూరం

రెండు చెట్లు కనబడ్డాయంటే, వాటి మధ్య దూరం తేల్చందే చెట్ల బాబాయికి ముద్ద దిగదు. చెట్లంటే నీడనిచ్చేవి కావు. ఏ సూక్ష్మక్రిమి దేనికి దగ్గరి చుట్టమో చూపిస్తూ ల్యాబులో గీసే వంశవృక్షాలు. చెట్టులో ఒక కొమ్మ విరిస్తే ఆకులు, అంటే క్రిములు, రెండు గుంపులవుతాయి. రెండో చెట్టులో ఏ కొమ్మ విరిచినా అవే గుంపులు రాకపోతే ఒక మార్కు. ఇటు మార్కులూ అటు మార్కులూ కలిపితే దూరం. కంప్యూటరు రెప్పపాటులో తేల్చే ఈ లెక్కను, ల్యాబులో అందరికన్నా పాతవాడైన ఆయన పెన్సిలుతో పూటంతా చేస్తాడు.

ఈ జబ్బు ఇంటికీ పాకింది. వంటింటి డబ్బాలు భార్య సర్దిన తీరుకో చెట్టు, కోడలు సర్దిన తీరుకో చెట్టు గీసి, "దూరం నాలుగే! దీనికా వారం రోజులుగా మాటల్లేవు?" అన్నాడట.

"ఆ నాలుగూ మీరే సర్దండి," అన్నారట అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో. వాళ్ళకు మాట కలిసిందని ఆయన పొంగిపోయాడు.

ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి ఇది విని పడీపడీ నవ్వింది. ఉద్యోగం ఖాయమయ్యే రోజు వచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయింది. ఉద్యోగం కోసం ఇచ్చిన పనిగా, నిరుడు దాచిన ఇరవై క్రిములనే ఆమె మళ్ళీ పరీక్షించింది. చెట్టు మళ్ళీ అదే రావాలి. వచ్చినదానికీ నిరుటిదానికీ పొంతనే లేదు. డైరెక్టరు గారు రెండూ బాబాయి చేతిలో పెట్టి, మర్నాడు అందరి ముందూ అడిగారు.

"దూరమెంత?"

"ముప్పై నాలుగు సార్. ఇరవై ఆకుల చెట్లకు ఇంతకు మించి ఉండదు."

లెక్క దగ్గర ఆయన కన్నకొడుకునైనా వదలడు. డైరెక్టరు గారు అమ్మాయి వైపు తిరిగారు.

"విన్నావుగా? రేపట్నుంచి రానక్కర్లేదమ్మా."

"ఉండండి సార్, నా లెక్క అవలేదు," అన్నాడు బాబాయి. "నిన్నట్నుంచి ఒక్కో ఆకే తీసేసి మళ్ళీ కొలుస్తున్నా. పదిహేడో ఆకు తీస్తే దూరం సున్నా! అదొక్కటీ ఈ చివర్నుంచి ఆ చివరికెళ్ళి కూర్చుంది. దాంతో కొమ్మకొమ్మకీ గుంపులు మారిపోయాయి. మిగతా పంతొమ్మిదీ అచ్చుగుద్దినట్టున్నాయి. వేరే క్రిమి ఉన్న సీసాకి పదిహేడో చీటీ పడిందంతే."

"ఆ చీటీ అంటించిందెవరు?"

అమ్మాయి నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "నేనే సార్. ఈ మధ్య చూపు ఆనడం లేదు."

డైరెక్టరు గారు ఆయన నెరిసిన తల చూసి, అమ్మాయి ఉద్యోగం కాగితం మీద సంతకం గీకి వెళ్ళిపోయారు.

ఆమె పదిహేడో సీసా పట్టుకుని బాబాయి వెంట పడింది. చీటీ మీద ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. బాబాయి రాసేది కోడి గెలికినట్టుంటుందని ల్యాబంతటికీ తెలుసు.

"బాబాయ్, ఇది నా చేతిరాత."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ చేతిరాతకీ నా చేతిరాతకీ దూరం సున్నా. పోయి కొత్త చీటీ అంటించమ్మా."

ఆ లెక్క మాత్రం ఏ కంప్యూటరుకిచ్చినా తప్పనే అంటుంది.