హులిగమ్మ రాయించిన కార్డు

ఆదోనిలో జిన్నింగు మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చుంటాను. పత్తి బళ్లు తోలుకొచ్చేవాళ్లు నన్ను హవల్దార్ కరీం సాబ్ అని గౌరవంగా పిలుస్తారు. హనుమన్న సంగతి వాళ్లకు తెలియదు, అందుకే పిలుస్తారు.

హనుమన్నది కోసిగి పక్క పల్లె. తండ్రి లేడు, తల్లి హులిగమ్మ కూలికి పోయి పెంచింది. పటాలంలో చేరిన కొత్తలో ఏది కుడికాలో ఏది ఎడమకాలో తేల్చుకోలేక నా చేత నానా తిట్లూ తిన్నాడు. ఏడాది తిరిగేసరికి మా ప్లటూన్‌కే మొనగాడయ్యాడు. మొదటి వరుసలో కుడి చివర వాణ్ణే నిలబెట్టేవాణ్ణి. వాణ్ణి చూసి మిగతా అందరూ వరుస సరిచేసుకునేవాళ్లు. చదువు మాత్రం రాదు. ఊరి నుంచి కార్డు వస్తే పరుగున తెచ్చి నా చేతిలో పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని "సదువన్నా" అనేవాడు. నేను ఆదోని వాణ్ణని వాడికి అంత నమ్మకం.

యాభై మూడులో, కవాతు పోటీ ఇంకా ఐదు రోజులుందనగా, ఒక కార్డు వచ్చింది. హులిగమ్మ ఊరి పంతులు చేత రాయించింది. "నాకు జ్వరం తగ్గలేదు. మంచం పట్టినాను. వెంటనే రా నాయనా."

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. వాడు వెళితే కప్పు చేజారినట్టే. ఐదు రోజులే కదా అనుకున్నాను. "బాగున్నాను, నా గురించి దిగులు పడొద్దు" అని చదివాను. వాడు కార్డును కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. సిగ్గులేనివాణ్ణి, ఆ పూట కడుపునిండా తిన్నాను కూడా.

పోటీ గెలిచాం. మరునాడే వాడికి లీవు ఇప్పించాను, బహుమానమని చెప్పి. వాడు నా కాళ్లకు మొక్కాడు.

లీవు నుంచి తిరిగొచ్చి నా ముందు కూలబడ్డాడు.

"అమ్మకు నేత సీర కొందామని ఆదోనిలో రైలు దిగి ఎమ్మిగనూరు పోయినాన్నా. తిరుగు బస్సు దొరకక ఒక దినం ఆడనే గడిసిపాయ. ఇల్లు సేరేపాటికి ఆ పొద్దున్నే పానం పోయింది. బాగుండానని రాయించింది గదా అని నేను సీరల అంగట్లో నిలబడితి. ఆ సీరనే అమ్మ మింద కప్పినాము. తప్పు నాదేన్నా."

తప్పు నీది కాదురా, నాది అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. కింది సిపాయిల దగ్గర చులకనైపోతానని భయపడ్డాను. "ఊరుకో" అని భుజం తట్టాను. ఆ తట్టడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఐదేళ్లకు, నేను పింఛను పుచ్చుకుని ఈ మిల్లులో చేరాక, ఒక మధ్యాహ్నం హనుమన్న గేటు దగ్గరికి వచ్చాడు. చేతికి నాయక్ పట్టీలు ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి అదే కార్డు తీశాడు.

"ఇంగొకసారి సదువన్నా."

నిజం చెప్పుకోవడానికి అల్లా ఇచ్చిన అదను అది. అయినా మళ్లీ "బాగున్నాను, నా గురించి దిగులు పడొద్దు" అన్నాను. ఐదేళ్లయినా ఆ అబద్ధం ఒక్క ముక్క తప్పలేదు.

హనుమన్న నా చేతిలోంచి కార్డు తీసుకున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"నాకు జ్వరం తగ్గలేదు. మంచం పట్టినాను. వెంటనే రా నాయనా."

"చదువు ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నాను.

"పోయినేడు. నా కింద పదిమంది కొత్త సిపాయిలు వచ్చిరి. వాళ్ల జాబులు నేనే సదివి సెప్పల్ల గదా."

కార్డు మళ్లీ జేబులో పెట్టుకుని, నేను నేర్పినట్టే మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు.

"ఇన్నాళ్లు ఆ సీరను తిట్టుకుంటి. పోయొస్తా, హవల్దార్ సాబ్."

ఈసారి "అన్నా" అని పిలవలేదు.