ఆగమంటే ఆగిన చేయి

కుడి చేతి కట్టు విప్పిన మర్నాడు సంగటి ముద్ద తీసుకుంటే అది నోటిదాకా రాలేదు. మోచేయి వంగనే లేదు. పామిడిలో నైటీలు కుట్టి బతికేదాన్ని, ఈ చేత్తో ఇక బట్ట ఎలా కుట్టాలి?

అంతకు రెండు నెలల ముందు అంగడి మెట్ల మీద జారిపడి మోచేయి విరగ్గొట్టుకున్నాను. నాయన మొదట నాటుకట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. మా వైపు పద్ధతి అదే. ఇద్దరు ముగ్గురు మనిషిని అదిమి పట్టుకుంటారు, ఆయన చేయి లాగుతాడు. వద్దు వద్దని అరిచినా నాయన నా భుజాలు వదల్లేదు. ప్రేమతోనే లెండి. నొప్పి తగ్గకపోతే అనంతపురంలో ఆపరేషన్ చేసి ప్లేట్ వేశారు.

ఇప్పుడు ఎక్స్‌రే చూసి డాక్టర్, “ఎముక అతుక్కుందమ్మా. ఇది స్టిఫ్‌నెస్, కీలు బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ చేయించకపోతే చేయి ఇట్లే ఉండిపోతుంది” అన్నాడు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పేరు రేష్మ. ఎదురుగా కూర్చొని, “అక్కా, చెయ్యి పట్టుకోనా?” అంది. నాకు అనుమానమొచ్చింది. అడిగి చేసేవాళ్లకు పని రాదని కదా మన లెక్క!

నాయన అనేశాడు: “ఏమ్మా, కొత్తగా చేరినావా? నేను గట్టిగా పట్టుకుంటా, నువ్వు వంచు.”

ఆయన చేయి భుజం మీద పడగానే నా ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. రేష్మ చూసింది. “ఇంతకుముందు ఎవరన్నా ఇట్ల పట్టుకున్న్యారా అక్కా?” నాటుకట్టు సంగతి చెప్పాను. అది విని నాయన లేచిపోయి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

రేష్మ మళ్లీ అడిగి పట్టుకుంటే ఒళ్లు వదులైంది. అడిగితే ఎందుకట్లా అవుతుందో నాకు తెలుసుకోవాలనిపించింది. “ఇదంతా యాడ నేర్చుకుంటివి పాపా?”

“ట్రామా మీద, అంటే ఒంట్లో మిగిలిపోయే పాత భయం మీద, మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చినారక్కా. మనం మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదంట. ఆడ అందరమూ బాగానే అడిగి ముట్టుకున్నాం. ఈడ జనాన్ని చూస్తే గుర్తుండదు.”

నిజంగానే రేష్మ అడగడం మరిచిపోయింది. ఒక సోమవారం రద్దీలో వెనకనుంచి వచ్చి చేయి పట్టి వంచింది. కెవ్వుమన్నాను. వారంపాటు ఆ గడప తొక్కలేదు. చేయి మళ్లీ బిగిసింది. నాయనే బతిమాలి పంపాడు.

“తప్పు నాదేనక్కా” అంది రేష్మ. ఆసుపత్రిలో ఆ మాట వినడం నా జన్మలో అదే మొదలు!

“సరే, ఇంకమీదట నేను ఆగమంటే నువ్వు ఆగల్ల” అన్నాను. ఆ రోజు నొప్పి లేకపోయినా, చూద్దామని మూడుసార్లు ఆగమన్నాను. మూడుసార్లూ ఆగింది. నాలుగోసారి నేనే ఆగమనలేదు. మోచేయి బొటనవేలంత ఎక్కువ వంగింది.

ఇప్పుడు పూర్తిగా వంగకపోయినా కుట్టుమిషన్ మీద కూర్చుంటున్నాను. మొన్న బస్సెక్కేటప్పుడు నాయన చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, “పట్టుకోనామ్మా?” అన్నాడు. అందరి ముందూ ఏడ్చేశాను.

మీకు చెప్పేదొకటే. వైద్యం మొదలుపెట్టకముందే, “నేను ఆగమంటే ఆగుతారా?” అని అడగండి. సరేనన్నాక, ఊరికే ఒకసారి ఆగమని చూడండి.