ఏడుపుగుర్రం సంతానం

గుర్రం కొనడానికి హైదరాబాదు వెళ్లినప్పుడు నా జేబులో ముప్పై ఒక్క అంశాల పట్టీ ఉంది. పళ్లు, డెక్కలు, ఊపిరి, గుండె, కీళ్లు, కోపం, తాత ముత్తాతలు, ఇలా. బొంబాయిలో పశువైద్యం చదివి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. ఎల్లారెడ్డి అనే ఊరి పక్కన ఒక దొర దగ్గర నాకు కొలువు దొరికింది. ఆయనకు రేసుగుర్రం కావాలి. పందేలకు కాదు, మా తాలూకా పొట్టి నాటుగుర్రాలకు, అంటే తట్టువలకు, దాటించి కాస్త పొడుగు కాళ్ల పిల్లలను పుట్టించడానికి.

నేను చూసిన గుర్రం పూనాలో, బొంబాయిలో, హైదరాబాదులో పచ్చిక మీద ఏడు పందేలు గెలిచింది. ముందుకాలి నరం వాచి ఇక పరిగెత్తలేకపోయింది. ఆరు తరాల వంశవృక్షం అచ్చువేసి చేతికిచ్చారు. మా ఇంట్లో ముత్తాత పేరు ఎవరికీ తెలియదు. ముప్పై ఒక్కటిలో ఇరవై తొమ్మిది అంశాలకు టిక్కు పెట్టాను. ధర చాలా అగ్గువ. ఎందుకంత అగ్గువో అడగాలన్నది నా పట్టీలో లేదు.

కామారెడ్డి స్టేషన్‌లో రైలు దింపి ఎల్లారెడ్డికి నడిపించుకుంటూ బయలుదేరాం. గుర్రం పగ్గం పట్టుకున్నది దొర గుర్రాలను చూసుకునే ముసలి సాయిస్. అతన్ని అందరం చాచా అనేవాళ్లం. తాడ్వాయిలో నీళ్లు పెడుతుంటే కల్లు దుకాణం ముందు కూర్చున్న ఒకతను లేచి వచ్చి గుర్రం చుట్టూ తిరిగాడు.

"గుర్రం మస్తుగున్నది గని, ఏడుస్తున్నదేంది సారూ?"

"ఏడుస్తలేదు. కండ్లు రెండూ శుభ్రంగ ఉన్నయి, నేను చూసిన."

"నీళ్లు గాదు, సుడి. ఎడమ కంటి కింద చూడు. గా సుడి ఉన్న గుర్రం ఇంటికొస్తే ఇల్లంత ఏడుస్తది."

చూశాను. కంటికి రెండు వేళ్ల కింద, కన్నీటిబొట్టు జారి ఆగినట్టు, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి.

"చాచా, నీకు ముందే తెలుసా?"

"పట్నంలనే చూసిన సాబ్."

"మరి చెప్పలేదేం?"

"అంత పొడుగు కాయితం ఉన్నది గద. అండ్ల రాసే ఉంటరనుకున్న."

మాకంటే ముందే కబురు ఎల్లారెడ్డికి చేరింది. దొర తన కోటలాంటి గడి బయటికి వచ్చి గుర్రాన్ని కుడిపక్క నుంచి మాత్రమే చూశారు. ఎడమపక్కకు తిరగమంటే పైకండువాతో మొహం తుడుచుకున్నారు.

"డాక్టరూ, తెచ్చింది నువ్వు. రెండేండ్లు చూస్త. దీనికొక పిల్ల పుట్టాలె, పిల్లను జనం మెచ్చాలె. లేకుంటే దీన్ని నిజామాబాదుల టాంగాకు కడుత, నిన్ను మీ ఊరి బండెక్కిస్త."

మొదటి ఏడాది ఒక్క తట్టువ రాలేదు. నేను అంగడి అంగడికీ తిరిగాను. ఏ పందెం, ఎంత దూరం, ఎన్ని నిమిషాలు, వెనక పడ్డ గుర్రాలు ఎన్ని, అన్నీ వరుసగా చదివి వినిపించాను. సుడి అంటే వెంట్రుకలు మొలిచే తీరే తప్ప మరేం కాదని చెప్పాను. ఒక రైతు నన్ను వంగమని నా నెత్తి చూశాడు.

"నీకు రెండు సుడులున్నయి. రెండు పెండ్లిండ్లు ఐతయి."

"ఇంకా ఒక్కటి కూడ కాలేదు."

"గీ గుర్రాన్ని కొన్నంక ఎట్ల ఐతది మరి?"

అంగడంతా నవ్వింది. గుర్రానికి ఏడుపుగుర్రం అనే పేరు అక్కడే ఖాయమైంది. ఆరు తరాల వంశవృక్షంలో అలాంటి పేరు ఒక్కటీ లేదు.

రెండో ఏడాది మొదట్లో ఒక ఉపదేశి వచ్చాడు. ఊరూరా తిరిగి యేసు కథ చెప్పే మనిషి. ఆయన ఎక్కి తిరిగే తట్టువకు వీపు మీద, జీను కింద, ఒక సుడి ఉంది. యజమానిని పాడెక్కించే సుడి అని ఎవరూ కొనకపోతే ఈయన అగ్గువకు తెచ్చుకున్నాడు.

"నాలుగేండ్ల నుంచి దీని మీద కూసుంటున్న. నేనింకా పోలేదు. మీదాని సుడి నన్నేం చేస్తది?" అన్నాడు. ఆయన్ను కౌగిలించుకుందామనిపించింది గాని, నాకు అలవాటు లేదు.

గుర్రానికీ తట్టువకూ ఎత్తులో దాదాపు మూరెడు తేడా. నేను కొలిచి, లెక్కవేసి, గడి వెనక మట్టిదిబ్బ ఒకటి వేయించి తట్టువను దాని మీద నిలబెట్టాను. చూడ్డానికి ఊరు ఊరంతా గోడలెక్కింది. చాచా గుర్రాన్ని తెచ్చాడు. గుర్రం తట్టువను చూసి చెవులు నిక్కించి, నాలుగడుగులు ముందుకు వేసింది. అప్పుడు గోడ మీది జనం ఒక్కసారిగా "హో!" అని అరిచారు.

జనం అరిస్తే ఏం చేయాలో ఆ గుర్రానికి చిన్నప్పటి నుంచి నేర్పారు. చాచా చేతిలోంచి పగ్గం లాక్కుని, దిబ్బను దాటి, తట్టువను దాటి, గడి చుట్టూ మూడుసార్లు పరిగెత్తింది. కాలు నరం గిరం ఏమీ గుర్తులేదు. తనకు తానే ఆగి, గెలిచినట్టు తల ఎగరేసింది.

"ఎనిమిదోది గెలిచింది సాబ్," అన్నాడు చాచా. "రాసుకోండ్రి."

జనాన్ని వెళ్లగొట్టి, ఉపదేశిని అటు తిరిగి నిలబడమని చెప్పి, మళ్లీ తెచ్చాం. ఈసారి పని జరిగింది. ఉపదేశి కండ్లు మూసుకుని, "ఐపోయిందా?" అని నాలుగుసార్లు అడిగాడు. తట్టువకు చూలు నిలిచింది. గుర్రాలు పదకొండు నెలల పైనే మోస్తాయి.

దొర పెట్టిన గడువు ఇంకా పదిహేను రోజులుందనగా, ఒక తెల్లవారుజామున, ఉపదేశి కొట్టంలో పిల్ల పుట్టింది. కబురు అందగానే దొర కూడా గడి వదిలి వచ్చారు. ఆడదా మగదా అని ఎవరూ అడగలేదు. అందరూ ఒకేసారి ఎడమ కంటి మీదికి వంగారు. సుడి లేదు. కుడి కంటి కిందా లేదు. నా ఊపిరి తిరిగి వచ్చింది.

ఒక్క క్షణమే. "సుడి లేదంటే ఇది మన ఏడుపుగుర్రం పిల్ల కాదు," అన్నాడు ఒకడు వెనక నుంచి. "లింగంపేట అంగడిల ఏదో మొగతట్టువ చూసుకున్నది." సుడి ఉంటే దరిద్రం, లేకుంటే రంకు! తేదీలు రాసుకున్న నా పుస్తకం తెరిచాను. ఎవరూ చూడలేదు.

ఇంతలో పిల్ల లేచింది. లేస్తూనే ఉంది. ఇంకా కాళ్లు వస్తూనే ఉన్నాయి. పాలు తాగాలంటే ముందుకాళ్లు బార్లా చాపి వంగాల్సి వచ్చింది. అంత పొడుగు కాళ్లు లింగంపేట అంగడిలో దేనికీ లేవు.

అక్కడున్నవాళ్లలో అందరికంటే పెద్దవయసు అవ్వ ఒకామె పిల్ల మొహం రెండు చేతులతో తడిమి తీర్పు చెప్పింది.

"తండ్రి కాళ్లే. తండ్రి ఏడుపు మాత్రం తండ్రికాడనే ఉన్నది. పిల్లలకు పంచది గీ గుర్రం."

జనం తలలూపారు. దొర నా వైపు తిరిగారు. "ఏం డాక్టరూ? అంతేనా? పంచదా?"

సుడి పిల్లకు రానూ వచ్చు, రాకపోనూ వచ్చు. ఒక్క పిల్లను చూసి చెప్పడానికి లేదు. చదువుకున్నది అదే. టాంగా, మా ఊరి బండి, రెండూ కళ్ల ముందు కనిపించాయి.

"పంచదు దొరా," అన్నాను.

గుర్రం గడిలోనే ఉంటుందని దొర అక్కడే చెప్పారు. ఆ మాట రామారెడ్డి ఊరి దాకా పోయింది. ఆ చలికాలంలో మట్టిదిబ్బ రెండుసార్లు కొత్తగా వేయించాల్సి వచ్చింది. తొమ్మిది తట్టువలకు చూలు నిలిచింది. చివరిది కూడా నిలిచిందని తేలిన రోజు తొమ్మిదింటి రంగు, వయసు, ఊరు ఒక కాగితం మీద రాసి, ఉపదేశి ఇంటికి తీసుకువెళ్లి ఇచ్చాను.

"ఇదేంది డాక్టరుగారూ?"

"ప్రార్థనకు, అయ్యగారూ. తొమ్మిదింటికీ. ఎడమ కంటి కింద సుడి వద్దని గట్టిగ చెప్పుండ్రి."

ఆయన కాగితం పైనుంచి కిందికి చదివాడు. నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ఎన్ని రోజులు చెయ్యమంటరు?"

"మూడు వందల నలభై," అన్నాను. "అటిటు పది."